గెలిచి వచ్చాక కాదు, పోయే ముందు
(వార్షికోత్సవ సభలో, యువజన విభాగం కూర్చున్న పూట చేసిన ప్రసంగం పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం ‘మన యువత, ఆటలు’ అని కాగితంలో ఉంది. ఇరవై నిమిషాలు ఇచ్చారు. యువతకు ఆటలు అవసరం, ఆరోగ్యమే మహాభాగ్యం అని నాలుగు మాటలు చెప్పి దిగిపోతే మీరు చప్పట్లు కొడతారు, నేను టీ తాగుతాను. అట్ల కాకుండా ఒకే ఒక మనిషి గురించి చెప్పుకుందామని వచ్చాను. ఆయన మనోడు కాదు. పద్మశాలి కాదు, తెలుగోడు కాదు. కరాడ్ పక్కనున్న గోళేశ్వర్ అనే పల్లెలో పుట్టిన మరాఠా రైతు కొడుకు. పేరు ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్.

మన సభలో మరాఠాయన కథ ఎందుకని ఎవరన్నా అడగొచ్చు. మన ముత్తాతలు మగ్గాలు మోసుకొని కరీంనగర్ దిక్కు నుంచి, పాలమూరు దిక్కు నుంచి ఈ నేలకు వచ్చి ఎన్ని తరాలైంది? ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్ల రెండూ. ఇక్కడి నీళ్లు తాగి, ఇక్కడి తాలీములలో దండలు తీసి పెరిగినం. ఈ నేల మీద పుట్టిన వస్తాదు మనకు పరాయివాడు ఎట్లయితడు?

ఇంకో కారణం గూడ ఉంది. అది మధ్యలో చెప్తాను. అది నా తప్పుకు సంబంధించింది.

మొన్న మన పిల్లల్ని అడిగాను: స్వతంత్ర భారతదేశానికి ఒలింపిక్స్‌లో ఒంటరిగా ఆడి మొట్టమొదటి పతకం తెచ్చింది ఎవరని. ఒకడు సుశీల్ కుమార్ అన్నాడు. ఒకమ్మాయి కరణం మల్లీశ్వరి అంది. మన తెలుగు బిడ్డ కదా, ఆ పేరు వచ్చినందుకు సంతోషమే. ఇంకొకడు లియాండర్ పేస్ అన్నాడు. పేస్ టెన్నిస్ కంచు పతకం 1996లో, మల్లీశ్వరి బరువులెత్తి తెచ్చిన కంచు 2000లో, సుశీల్ మొదటిది 2008లో. ఖాశాబా జాధవ్ కుస్తీలో కంచు పతకం తెచ్చింది 1952లో, ఫిన్లాండు దేశం హెల్సింకిలో. ఆయనకు, పేస్‌కు మధ్య 44 ఏళ్లు ఖాళీ. ఆయనకు, కుస్తీలో మళ్లీ పతకం తెచ్చిన సుశీల్‌కు మధ్య 56 ఏళ్లు. హాకీలో మనకు బంగారం మీద బంగారం వచ్చింది గాని అది పదకొండు మంది ఆట. ఒక్కడే పోయి, ఒక్కడే నిలబడి తెచ్చినవాడు ఈయన.

ఆయన పుట్టింది 1926 జనవరి 15న. ఇంట్లో అయిదుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. తండ్రి దాదాసాహెబ్ తనే పహిల్వాన్. అయిదేళ్ల వయసులోనే కొడుకును అఖాడాలో దింపాడు. చదువు కరాడ్‌లో తిలక్ హైస్కూల్లో. క్విట్ ఇండియా రోజుల్లో ఉద్యమకారులకు ఇంట్లో చోటివ్వడం, ఉత్తరాలు చేరవేయడం గూడ చేశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. ఆ తర్వాత కొల్హాపూర్ వచ్చి రాజారాం కాలేజీలో చేరాడు.

కొల్హాపూర్ అంటే కుస్తీకి పుట్టినిల్లు. షాహూ మహారాజ్ కట్టించిన ఖాస్‌బాగ్ మైదానం మీలో చానా మంది చూసే ఉంటారు. మధ్యలో ఎర్రమట్టి గోదా, చుట్టూ మెట్లు మెట్లుగా జనం. ఎక్కడ కూర్చున్నా పట్టు కనిపిస్తది. గంగావేస్, మోతీబాగ్, షాహుపురి తాలీముల పేర్లు పాత పహిల్వాన్ల నోట మంత్రాల్లాగ వస్తాయి.

తాలీం అంటే తెలియని పిల్లలు ఇప్పుడు చానామంది ఉన్నారు, అందుకని రెండు మాటలు. మన పేటలో మా చిన్నప్పుడున్న తాలీం చిన్న గది. లోపల మోకాలి లోతు ఎర్రమట్టి. ఆ మట్టిలో నూనె, మజ్జిగ, పసుపు, నిమ్మరసం కలిపి తొక్కేవాళ్లు. గాయమైతే చీము పట్టొద్దని పసుపు, మట్టి మెత్తగుండాలని నూనె. రోజూ పొద్దున ముందు పారతో మట్టి తిరగెయ్యాలి. కొత్తగా చేరినోడికి ఆరు నెలలు అదే పని, పట్టు నేర్పరు. తర్వాత దండలు, బస్కీలు. గోడకు హనుమంతుడు. చెప్పులు బయట. రాత్రి పాళీ సాంచా నడిపి, ముక్కులో పత్తి దూదితో నేరుగా తాలీంకు వచ్చే కాకాలు ఉండేవాళ్లు. కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడ్డాక దండలు ఎట్ల తీస్తావు కాకా అని అడిగితే, ‘‘అక్కడ సాంచా నన్ను ఆడిస్తది, ఇక్కడ నేను ఆడుతరా’’ అన్నాడు ఒకాయన. ఆ మాట నాకు యాభై ఏళ్లుగా యాదికుంది.

సరే, జాధవ్ గారి దగ్గరికి వద్దాం. మనిషి పొట్టి. సన్నం. అయిదడుగుల చిల్లర. కాలేజీలో వార్షిక క్రీడల్లో కుస్తీకి పేరు ఇస్తానంటే ఆటల మాస్టారు ఈ బక్కోడేంటి కుస్తీ ఏంటి అని తీసెయ్యబోయాడట. ప్రిన్సిపాల్ ఖర్డేకర్ గారి దగ్గరికి పోయి అడిగితే, ఆయన ఆడనివ్వండి అన్నాడు. ఆడాడు. తన కన్నా పెద్ద ఒళ్లున్నోళ్లను ఒకరి తర్వాత ఒకర్ని పడేశాడు. ఈ ఖర్డేకర్ గారి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఆయనకు పేరు తెచ్చిన పట్టు ‘ఢాక్’. ఎదుటివాడి మెడను చంకలో ఇరికించి, నడుము తిప్పి, మన మీదుగా నేలకేసి కొట్టడం. చూస్తే బలం పట్టులాగ ఉంటది గాని అసలు కీలకం వేగం, పాదాలు. పొట్టివాడికి అది వరం. అతని నడుము ఎప్పుడూ ఎదుటివాడి నడుము కన్నా కిందే ఉంటది కదా.

1948 లండన్ ఒలింపిక్స్‌కు ఆయనను పంపింది కొల్హాపూర్ మహారాజు. ఖర్చు సంస్థానం పెట్టుకుంది. అక్కడికి పోయాక కొత్త కష్టం వచ్చింది. ఇక్కడ ఆడింది మట్టిలో, అక్కడ పరుపు మీద, అంటే మ్యాటు మీద. మట్టిలో పాదం దిగబడుతది, వేళ్లతో నేలను పట్టుకోవచ్చు. మ్యాటు మీద పాదం జారుతది, బూట్లు వేసుకోవాలి. మన కుస్తీలో వీపు నేలకు ఆనించేదాకా ఆట నడుస్తది, అరగంటైనా సరే. అక్కడ గడియారం ఉంటది, తీర్పరులు ఉంటారు, పాయింట్లు ఉంటాయి. ఫ్రీస్టైల్ అంటే కాళ్లు గూడ పట్టుకోవచ్చు. గ్రీకో-రోమన్‌లో నడుము కిందికి చేయి పోవద్దు. మన మట్టి కుస్తీకి దగ్గరిది ఫ్రీస్టైలే గాని రెండూ ఒకటి కావు. చేతిమగ్గం మీద కూర్చున్నోణ్ణి తీసుకొచ్చి పవర్‌లూమ్ ముందర నిలబెట్టినట్టు. పని అదే, కాళ్లూ చేతులూ కొత్తగా నేర్చుకోవాలి.

రీస్ గార్డ్‌నర్ అనే అమెరికన్ శిక్షకుడు అప్పుడు ఆయనకు తర్ఫీదు ఇచ్చాడు. ఫ్లైవెయిట్‌లో ఆడి, ఆస్ట్రేలియావాణ్ణి, అమెరికావాణ్ణి పడగొట్టి, ఇరాన్ మల్లుడి చేతిలో ఓడి, ఆరో స్థానంలో నిలిచాడు. మ్యాటును అలవాటు చేసుకోకుండానే ప్రపంచంలో ఆరోవాడు. సంతోషపడి ఊరుకోలేదు. వచ్చిన మరునాటి నుంచి నాలుగేళ్లు హెల్సింకి కోసమే ఒళ్లు వంచాడు. బరువు పెంచి బాంటమ్‌వెయిట్‌కు, 57 కిలోల తరగతికి మారాడు.

కాని ఆడటానికి ముందు రెండు గోదాలు దాటాల్సి వచ్చింది. మొదటిది ఎంపిక. జాతీయ పోటీల్లో తనకు కావాలనే ఒక పాయింటు తగ్గించి ఇచ్చారని ఆయన వాదన. ఊరికే కూర్చోలేదు, పటియాలా మహారాజుకు మొర పెట్టుకున్నాడు. ఆయనకు కుస్తీ అంటే ప్రాణం. మళ్లీ పోటీ పెట్టించాడు. ఈసారి పాయింట్ల లెక్క అవసరం లేకుండా ఎదుటివాణ్ణి చిత్తు చేసి పేరు సంపాదించుకున్నాడు.

రెండో గోదా డబ్బు. పేరైతే ఎంపికైంది గాని పోయి రావడానికి డబ్బు ఎవరిస్తరు? సర్కారును అడిగితే ఆటలు అయిపోయాక రమ్మన్నారని చెప్తారు. ఆటలు అయిపోయాక! ఊరోళ్లు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. అది సాలలేదు. అప్పుడు రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డేకర్ గారు తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చిచ్చాడు.

ఇది మళ్లీ ఒకసారి చెప్తాను, ఎందుకంటే నేను వచ్చింది ఇది చెప్పడానికే. 1952లో 7,000 రూపాయలు. సొంత కొడుకు కాదు. సొంత కులమా కాదా అని చూసినట్టు గూడ ఎక్కడా లేదు. పతకం వస్తదని ఎవరూ హామీ ఇయ్యలేదు. అంతకుముందు పోయినప్పుడు ఆరో స్థానంలో వచ్చినవాడు. జీతగాడైన ఒక మాస్టారు, తన భార్యాపిల్లలు తలదాచుకునే ఇంటి కాగితాలు తీసుకుపోయి కుదువ పెట్టాడు. గెలిస్తే ఇస్తా అనలేదు. పోయేముందు ఇచ్చాడు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను.

కొన్నేండ్ల కింద నేను మన సంఘానికి ఖజాంచీగా ఉన్నాను. ఒకరోజు పొద్దున ఒక తల్లి, కూతురు మా ఇంటికి వచ్చారు. తండ్రి టవళ్ల కార్ఖానాలో సాంచా నడుపుతడు, తల్లి బీడీలు చేస్తది. పిల్లకు పద్నాలుగేండ్లు ఉంటాయేమో. జూడోతో మొదలుపెట్టి కుస్తీకి మారింది. జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. రాష్ట్ర స్థాయి పోటీకి వేరే ఊరు పోవాలి. రైలు టికెట్లు, బస, మ్యాటు మీద వేసుకునే బూట్లు, మొత్తం నాలుగున్నర వేలు కావాలని కాగితం మీద రాసుకొచ్చారు. ఆ రాత ఆ పిల్లదే. పైసలతో సహా లెక్క వేసింది.

నేను ఏమన్నానో తెలుసా? ‘‘ముందు గెలిచి రా బిడ్డా. గెలిచొస్తే పెద్ద సభ పెట్టి సన్మానం చేస్తాం.’’

నవ్వుతూనే అన్నాను. మంచిమాటే అన్నానని అనుకున్నాను. ఆమె ‘‘సరే కాకా’’ అంది. తల్లి ఏదో అనబోయి ఆగింది. చాయ్ తాగి పోయారు. ఆ పిల్ల పోటీకి పోలేదు. పోలేదన్న సంగతి గూడ నాకు మూడు నెలలకు గాని తెలియలేదు. ఇంకో ఏడు ఆడి మానేసింది. పెండ్లయింది. ఇప్పుడు ఒక ఆడపిల్ల తల్లి. నన్ను చూస్తే ఇప్పటికీ నమస్కారం పెడతది, కాకా బాగున్నావా అంటది. కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అదే ఏడు మన వార్షికోత్సవానికి పూలదండలకు, శాలువలకు, వీడియోకు కలిపి ఇరవై రెండు వేలు ఖర్చయింది. ఆ పద్దు నా చేతితోనే రాశాను. పోయినేడు పాత పుస్తకాలు సర్దుతుంటే కనిపించింది. అప్పటిదాకా ఖాశాబా జాధవ్ కథ నాకు తెలవక కాదు. మా తాలీంలో ఆయన ఫొటో ఉండేది. ఖర్డేకర్ గారి సంగతి గూడ విన్నాను. విని, ఆహా ఎంత గొప్పోడు అనుకొని, నా వంతు వచ్చినప్పుడు మటుకు ఆటలు అయిపోయాక రమ్మన్న మాటే మాట్లాడాను.

సరే. హెల్సింకికి పోదాం.

1952 జులై. మొదట కెనడావాడు, ఆయన్ని పడగొట్టాడు. తర్వాత మెక్సికోవాడు, వాణ్ణీ వీపు మీద పడుకోబెట్టాడు. జర్మనీవాడి మీద తీర్పరుల లెక్కల్లో గెలిచాడు. చివరికి మిగిలింది ముగ్గురు. మన జాధవ్, సోవియట్ దేశం నుంచి రషీద్ మమ్మద్‌బేయోవ్, జపాన్ నుంచి షోహాచి ఇషీ.

ఈ ఇషీ గురించి ఒక మాట చెప్పుకోవాలె, ముఖ్యంగా ఇక్కడున్న కరాటే, జూడో పిల్లలు వినాలి. ఆయన అసలు కుస్తీవాడు కాదు, జూడో నేర్చుకున్నవాడు. యుద్ధంలో జపాన్ ఓడిపోయాక ఆక్రమించుకున్న అధికారులు బడుల్లో, కాలేజీల్లో జూడోను ఆపించారు. తన విద్య ఆగిపోతే ఆయన కుస్తీలోకి వచ్చాడు. జూడోలో నేర్చిన తూకం, కాళ్ల పని కుస్తీలోకి తెచ్చుకున్నాడు. హెల్సింకిలో జపాన్‌కు వచ్చిన ఒకే ఒక బంగారు పతకం ఆయనదే. అంటే మట్టిలో నేర్చినవాడు ఒకడు, జూడో పరుపుల మీద నేర్చినవాడు ఒకడు, ఇద్దరూ తమది కాని ఆట నేర్చుకొని ఆ మ్యాటు మీద ఎదురెదురు నిలబడ్డారు. ఒక విద్య ఇంకో విద్యకు అడ్డం కాదు. మా జూడో పిల్లలను కుస్తీ వాళ్లు చెడగొడుతున్నారని మొన్న ఒక పెద్దమనిషి నాతో తగాదా పెట్టుకున్నాడు, ఆయన ఇక్కడే ఉన్నాడు, అందుకే చెప్తున్నాను.

ఇషీతో పట్టు చానాసేపు నడిచింది. ఆ రోజుల్లో కుస్తీ పదిహేను నిమిషాలు. ఇప్పటిలాగ మూడు నిమిషాలు, మూడు నిమిషాలు కాదు. జాధవ్ ఓడిపోయాడు. ఒళ్లంతా చెమట, ఊపిరి అందడం లేదు. అంతలోనే మమ్మద్‌బేయోవ్‌తో ఆడమని పిలిచారని చెప్తారు. రెండు కుస్తీల మధ్య అరగంట విరామం ఇయ్యాలని నియమం. ఆ మాట అడగడానికి ఆయన పక్కన మన దేశం అధికారి ఒక్కరూ లేరు. ఆయనేమో ఇంగ్లీషులో వాదించే మనిషి కాదు. పోయాడు, ఆడాడు, ఓడాడు. ఇషీకి బంగారం, మమ్మద్‌బేయోవ్‌కు వెండి, జాధవ్‌కు కంచు.

అరగంట విశ్రాంతి దొరికితే వెండి వచ్చేదా? అది ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను. కాని ఆటగానికి ఒళ్లు ఒక్కటే సాలదు, నియమం తెలిసిన మనిషి ఒకరు పక్కన నిలబడాలి. పోటీలకు పిల్లల్ని పంపేటప్పుడు మనం టికెట్ కొనిచ్చి చేతులు దులుపుకుంటాం. ఆ పిల్లల వెంట ఎవరు పోతున్నారు? బరువు తూచేకాడ ఎవరుంటున్నారు? పారిస్‌లో వినేశ్ ఫోగాట్‌కు ఫైనల్ పొద్దున 100 గ్రాములు ఎక్కువుందని మొత్తం పోటీ నుంచే తీసేశారు, అందరూ చూశారు. 100 గ్రాములంటే మనకు ఒక చిన్న నూలు లడి. అంతటి సూక్ష్మంగా ఉంటది ఈ ఆట.

అదే హెల్సింకిలో ఇంకో పేరు గూడ ఉంది, దాన్ని చానామంది మరిచారు. కేశవ్ మంగవే. ఈయనా కొల్హాపూర్ దిక్కు పహిల్వానే. ఫెదర్‌వెయిట్‌లో నాలుగో స్థానం. పతకానికి ఒక్క మెట్టు కింద. మూడో మెట్టు మీదున్నోడినే దేశం మరిచిపోతే నాలుగోవాణ్ణి ఎవరు యాదికి పెట్టుకుంటరు!

జాధవ్ తిరిగి వచ్చినప్పుడు కరాడ్ స్టేషన్ నుంచి ఎడ్లబండ్ల ఊరేగింపు. 151 బండ్లు అంటారు. పావుగంట దారి ఏడు గంటలు పట్టిందట. డోళ్లు, లేజీములు, గులాలు. జనం ప్రేమకు తక్కువేం కాలేదు. ఊరేగింపు అయిపోయాక ఆయన చేసిన మొదటి పని వినండి. కొల్హాపూర్‌లో కుస్తీ పోటీలు పెట్టించి, తానే దిగి ఆడి, వచ్చిన డబ్బుతో ఖర్డేకర్ గారి ఇల్లు తాకట్టు విడిపించాడు. దేశానికి పతకం తెచ్చినవాడు అప్పు తీర్చడానికి మళ్లీ గోదాలో దిగాడు. దీన్ని కొందరు గొప్పగా చెప్తారు. గొప్పే. నాకు మటుకు సిగ్గుగా అనిపిస్తది, ఆయన గురించి కాదు.

1955లో పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోవాలనుకున్నాడు గాని మోకాలు దెబ్బతిన్నది. పోలీసు పోటీల్లో ఆడాడు, ఆటల శిక్షకుడిగా పనిచేశాడు. 27 ఏళ్ల సర్వీసు తర్వాత అసిస్టెంట్ కమిషనరుగా దిగాడు. పింఛను కోసం తిరగాల్సి వచ్చింది, ఆఖరి రోజులు ఇబ్బందుల్లోనే గడిచాయి. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో జ్యోతి పట్టుకొని పరుగెత్తే అవకాశం ఇచ్చారు, అది ఆయన బతికుండగా దక్కిన గౌరవం. 1984 ఆగస్టు 14న రోడ్డు ప్రమాదంలో పోయాడు. 58 ఏళ్లు. మరునాడు దేశమంతా జెండా ఎగరేసింది.

అర్జున అవార్డు పోయాక ఇచ్చారు, 2000 సంవత్సరానికి. ఢిల్లీలో కుస్తీ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు, 2010 కామన్వెల్త్ కుస్తీలు అందులోనే జరిగాయి. 2023లో ఆయన పుట్టినరోజున గూగుల్ తెరిస్తే ఆయన బొమ్మ వచ్చింది. మా మనవడు అది చూసి, తాతా ఎవరీయన అని అడిగాడు. అన్నీ వచ్చాయి. ఆటలు అయిపోయాక.

ఇప్పుడు ఆ 57 కిలోల సంగతి. టోక్యోలో రవి దహియా వెండి తెచ్చింది ఫ్రీస్టైల్ 57 కిలోల్లో. 2024 పారిస్‌లో అమన్ సెహ్రావత్ కంచు తెచ్చింది అదే 57 కిలోల్లో. జాధవ్ గారు బరువు తూచుకున్న తరగతే. 57 కిలోలంటే మన పిల్లల ఒళ్లే. మనోళ్లు ఆరడుగుల మనుషులు కారు, వంద కిలోల బస్తాలు కారు. కుస్తీ అంటే పెద్ద ఒళ్లుండాలి, కోడి రామమూర్తి గారిలాగ ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవాలి అనుకొని మనం దూరం ఉంటాం. అదొక విద్య, దానికి దండం. ఇది తూకం ప్రకారం ఆడే ఆట. సన్నోడికి సన్నోడే ఎదురు నిలబడతడు. ఆడపిల్లల కుస్తీ 2004 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, 2016లో సాక్షీ మాలిక్ పతకం గూడ తెచ్చింది. ఇంకా మన పేటలో ఆడపిల్లకు కుస్తీ ఏంది, రేపు పెండ్లి ఎట్లయితది అనే మాట వినిపిస్తనే ఉంది.

కరాటే తరగతుల గురించి గూడ ఒక మాట, తిట్టొద్దు. నెలకింత ఫీజు, మూడు నెలలకో రంగు బెల్టు, బెల్టుకింత అని తీసుకునే చోట్లకు మన పిల్లలు పోతున్నారు. మంచి మాస్టార్లు ఉన్నారు, కాదనను. కాని బెల్టు కొనుక్కునేది కాదు. పిల్లవాణ్ణి చేర్పించేముందు ఒక వారం పోయి పక్కన కూర్చొని చూడండి. మాస్టారు పిల్లలకు పడటం నేర్పుతున్నాడా లేదా? దెబ్బ తగలకుండా పడటం నేర్పనివాడు ఎగిరి తన్నడం నేర్పుతున్నాడంటే ఆ పిల్లవాణ్ణి ఇంటికి తీసుకురండి. మా తాలీంలో మొదటి ఆరు నెలలు మట్టి తిరగేయించిందీ అందుకే. నడుము, భుజాలు గట్టిపడకుండా గోదాలో దిగనిచ్చేవాళ్లు కాదు.

ఇక అసలు విషయం. భోజనాల తర్వాత కార్యవర్గం ముందర ఒక తీర్మానం వస్తది. ఏటా సన్మానాలకు పెట్టే డబ్బులో సగం పక్కకు తీసి, ఆటల పిల్లల రాకపోకలకు, బూట్లకు, వెంట పోయే మనిషి టికెట్‌కు ముందుగానే ఇచ్చే నిధి పెట్టాలని. నేనే రాసిచ్చాను. దాని మీద ఇప్పటికే గొణుగుడు మొదలైంది. నిన్న రాత్రి ఒకాయన అడిగాడు: ‘‘డబ్బు తీసుకపోయి ఓడిపోయి వస్తే? ఎవరు జవాబు చెప్తరు?’’

ఓడిపోయి వస్తే వస్తారు. జాధవ్ గారు లండన్ నుంచి వట్టి చేతులతోనే వచ్చాడు. ఆ ఆరో స్థానం లేకుండా మూడో స్థానం ఎక్కడిది? మగ్గం మీద కొత్తగా కూర్చోబెట్టిన పిల్లవాడు మొదటి చద్దరు చెడగొట్టకుండా నేశాడా ఎప్పుడన్నా? నూలు దండగైందని వాణ్ణి మగ్గం దింపేశామా? నేను నేసిన మొదటి గజం మా నాయన ఇంకా దాచిపెట్టి, ఇంటికొచ్చినోళ్లందరికీ చూపించి నవ్వేవాడు. కుస్తీలో మటుకు మొదటి రోజే పతకం నేసుకొని రావాలా?

ఇంకొకాయన, వేరే కులం పిల్లలు అడిగితే ఇస్తామా అన్నాడు. మన పేట పిల్లలైతే ఇద్దాం అంటాను నేను. అది మీరు చర్చించుకోండి, నా మాటే నెగ్గాలని లేదు.

సన్మానాలు మానెయ్యమని నేను అనడం లేదు. శాలువా కప్పించుకుంటే ఎవరికైనా సంతోషమే. పోయినేడు నాకూ కప్పారు, ఇంట్లో ఉంది. సగం అన్నాను, అంతే.

నేను ఆ తల్లికి, ఆ బిడ్డకు మొన్న ఫోను చేశాను. ఈ సంగతి సభలో చెప్పొచ్చా అని అడిగాను. పేరు చెప్పకు కాకా, మిగతాది చెప్పు అంది. తన కూతురు వయసు అడిగితే ఏడేండ్లు అంది. తాలీంకు తీసుకొస్తావా అంటే, కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత, సాయంత్రం పూటైతే తెస్తా, పొద్దున బీడీల ఆకు కత్తిరించుకోవాలి అంది.

అందుకని తాలీం వేళలు మార్చాం. పొద్దున అయిదున్నరకు మగపిల్లలు. సాయంత్రం ఆరింటికి ఆడపిల్లలు, వాళ్లకు నేర్పడానికి ఒక అమ్మాయి వస్తది. మ్యాటు పాతది, రెండు చోట్ల చినిగింది, కుట్టిస్తున్నాం. పేర్లు ఇవ్వాలనుకున్నోళ్లు చాయ్ బల్ల దగ్గర పుస్తకం పెట్టాం, రాయండి. ఫీజు లేదు. టవలు ఇంటి నుంచి తెచ్చుకోండి, ఆ మాత్రం మన దగ్గర తక్కువ లేవు. చెప్పులు బయట విడిచి రావాలి.